ఆడియో ప్రశ్నలు - జవాబులు: వాపసు గడువు, ఇంట్లో వినే అవకాశం

ప్రశ్న: షోరూంలో చాలాసేపు విని, నచ్చాకే పెద్ద ఫ్లోర్ స్టాండింగ్ స్పీకర్లు కొన్నాను. ఇంటికి తెచ్చాక మృదంగం గుమ్మని మోగి పాడేవారి గొంతును మింగేస్తోంది. డీలరేమో ‘సరుకులో లోపం లేదు, వాపసు తీసుకోం’ అంటున్నారు. బిల్లు కింద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అచ్చు కూడా వేశారు. చట్టం నా పక్షాన ఉందా?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: సరుకులో లోపం ఉంటే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వాలి. బిల్లులో గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా. కాదంటే అది అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లు కింద అచ్చువేసిన ఆ వాక్యం దీన్ని రద్దు చేయలేదు. ఒక స్పీకర్ గరగరమంటున్నా, రెండూ ఒకేలా మోగకపోయినా ఇవాళే రాతపూర్వకంగా తెలియజేయండి. స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయండి.

మీ స్పీకర్లు బాగానే పనిచేస్తున్నట్టున్నాయి, మీ గదికే సరిపడలేదు. అంగట్లో కొన్న మంచి సరుకును నచ్చలేదన్న ఒక్క కారణంతో వాపసు తీసుకోవాలని మన చట్టంలో లేదు. అది డీలర్ ఒప్పుకుంటేనే. అందుకే కొనకముందే ఇంట్లో వినే అవకాశం అడగమని ఇంత గట్టిగా చెప్తాను.

ఎదురెదురు గోడల మధ్య దూరం 12 అడుగులైతే సుమారు 47 హెర్ట్జ్ దగ్గర, మళ్లీ దాని రెట్టింపు దగ్గర ధ్వని ఉబ్బుతుంది. ఆ గోడలు ఎంత గట్టివైతే ఉబ్బు అంత ఎక్కువ. షోరూం గది పెద్దది, కింద కార్పెట్, గోడలకు ప్యానెళ్లు. మన ఇళ్లలో సిమెంటు గోడలు, కింద టైల్సో గ్రానైటో. స్పీకర్ ఒకటే అయినా వినిపించేది వేరు.

అమ్మేసే ఆలోచనకు ముందు ఈ పనులు చేసి చూడండి. స్పీకర్లను మూలల్లోంచి బయటికి లాగి, వెనక గోడకు రెండు మూడు అడుగుల దూరంలో పెట్టండి. మీ కుర్చీ వెనక గోడకు ఆనుకుని ఉంటే ముందుకు జరపండి. బాస్ అక్కడే ఎక్కువ పోగవుతుంది. స్పీకర్ వెనక గాలి రంధ్రం ఉంటే స్పాంజి ముక్కతో మూసి వినండి. కర్టెన్లు మాత్రం బాస్‌ను తగ్గించలేవు, వాటి ప్రభావం పై స్వరాల మీదే. ఇన్ని చేసినా కుదరకపోతే డబ్బు వాపసు బదులు చిన్న మోడల్‌తో మార్పిడి అడగండి. పాత గ్రాహకుణ్ణి పోగొట్టుకోకూడదనుకునే డీలర్ దానికి ఒప్పుకునే వీలు ఎక్కువ.

ప్రశ్న: యాంప్లిఫయర్‌ను వారం రోజులు ఇంట్లో ఉంచుకుని చూడమన్నారు, కానీ పూర్తి సొమ్ము ముందే కట్టమంటున్నారు. ఇది న్యాయమేనా? ఏమేం రాయించుకోవాలి?
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: న్యాయమే. అంత ఖరీదైన వస్తువును హామీ లేకుండా ఎవరూ పంపరు. అయితే ఆ సొమ్ము ఖాతాకు తిరిగి వస్తుందా, లేక అదే షాపులో వాడుకోవాల్సిన క్రెడిట్ నోటు ఇస్తారా అన్నది మొదట తేల్చుకోండి. చాలా గొడవలు ఇక్కడే పుడతాయి. వారం ఏ రోజు నుంచి లెక్క, రవాణా ఖర్చెవరిది, వాపసు చేస్తే ఏమైనా కోత ఉందా, ఇవన్నీ సీరియల్ నంబరుతో సహా బిల్లు మీదే రాయించండి. కౌంటర్ దగ్గర ఇచ్చిన నోటిమాట ఆ సేల్స్‌మన్ ఉద్యోగం మారితే చెల్లదు. వాట్సాప్‌లోనైనా సరే, అక్షరాల్లో ఉండాలి. పెట్టె తెరిచేటప్పుడు ఫొటోలు తీయండి. అట్టపెట్టె, థర్మోకోల్ పారేయొద్దు.

‘ఇంకా వంద గంటలు మోగితేగానీ అసలు సౌండ్ రాదు’ అని ఎవరైనా అంటే, గడువు కూడా అంతవరకు పొడిగించమనండి. యాంప్లిఫయర్‌లో అంత తేడా వస్తుందని నేను నమ్మను. ఆ వంద గంటల్లో మారేది చాలావరకు మన చెవి అలవాటే.

వినేటప్పుడు ఒక్క నియమం తప్పొద్దు. పాతదీ కొత్తదీ ఒకే శబ్ద స్థాయిలో పోల్చాలి. కాస్త గట్టిగా మోగిందే మేలుగా తోస్తుంది. ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టి రెండింటినీ సమం చేసుకోండి. షాపువాళ్లు వినిపించిన మెరుపు రికార్డింగులు పక్కనపెట్టి మీకు కంఠతా వచ్చిన పాటలు, ముఖ్యంగా ఘంటసాల కాలం నాటి పాత మోనో రికార్డులు వినండి. రాత్రి ఇల్లు సద్దుమణిగాక పాటేదీ పెట్టకుండా స్పీకర్ దగ్గర చెవి పెట్టండి. ‘బుయ్’మని హమ్ వస్తే మరో ప్లగ్గు చూడండి, ఎర్తింగ్ పరీక్ష చేయించండి. తప్పు ఇంటి వైరింగ్‌ది కావచ్చు. వారం ముగిసేదాకా పాత సెట్టు అమ్మకండి.

ప్రశ్న: డీలర్ దగ్గర విని, తక్కువ ధరకు ఆన్‌లైన్‌లో కొంటే తప్పా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కొనే ఉద్దేశమే లేకుండా ఒకరి గది, సమయం, కరెంటు వాడుకోవడం సబబు కాదు. డెమో గదులు ఒక్కొక్కటే మూతపడితే రేపు మనం వినడానికి చోటే ఉండదు. ఆన్‌లైన్ ధర చూపించి ఎంత తగ్గించగలరో నేరుగా అడగండి. తేడా తక్కువైతే, ఇంటికొచ్చి అమర్చే మనిషి కోసం నేనైతే డీలర్‌కే ఇస్తాను.

ఆన్‌లైన్‌లోనే కొనేట్టయితే వాపసు షరతు ముందే చదవండి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం లోపమున్నవి, నకిలీవి, ప్రకటనలో చెప్పినట్టు లేనివి విక్రేత వెనక్కి తీసుకోవాల్సిందే. నచ్చలేదన్నవి తీసుకోవాలో వద్దో వాళ్ల ఇష్టం. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లకు చాలాచోట్ల ఆ అవకాశమే ఇవ్వరు. విదేశీ సరుకైతే పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఎంత చౌకగా వచ్చినా వద్దు. రిపేరుకు వస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియదు.