బిల్లు చదివిన అమ్మ

మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. మొదటి జీతం రాగానే నన్ను జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద హోటలుకు తీసుకెళ్లింది. అక్కడ ఇటలీ దేశం వంటలు చేస్తారు.

"ఇది పాస్తా అమ్మా. గోధుమ రవ్వతో చేస్తారు" అంది.

తిన్నాను. మన సేమ్యాకు అక్కలా ఉంది! పైన టమాటా గుజ్జు వేశారు.

బిల్లు వచ్చింది. అమ్మాయి చూడకుండానే డబ్బు తీసింది. "ఆగవే" అన్నాను. కూడబలుక్కుని చదివాను.

తిండికి 1,000 రూపాయలు.
సర్వీసు చార్జి 100 రూపాయలు.
జి.ఎస్.టి. 55 రూపాయలు.
మొత్తం 1,155 రూపాయలు.

"బాబూ, ఈ సర్వీసు చార్జి మేం అడగలేదే!" అన్నాను. ఆ అబ్బాయి లోపలికి వెళ్లి బిల్లు మార్చి తెచ్చాడు. ఈసారి 1,050 రూపాయలే. బాగా వడ్డించాడని అతని చేతిలో 50 రూపాయలు పెట్టాను. అది నా ఇష్టంతో ఇచ్చింది.

అక్కలారా! సర్వీసు చార్జిని హోటలు వాళ్లు తమంతట తాము బిల్లులో కలపకూడదు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో ఈ మాట చెప్పింది. 2025లో ఢిల్లీ హైకోర్టు కూడా అవునంది. జి.ఎస్.టి. మాత్రం పన్ను. అది కట్టాలి. హోటలు వాళ్లు వినకపోతే 1915 నంబరుకు ఫోను చేయండి.

ఆలోచించండి: బిల్లులో 105 రూపాయలు ఎలా తగ్గాయి? లెక్క కట్టి రాయండి.