నోట్ల రద్దువలన లంచము నశించునా?

పెద్ద నోట్లను రద్దుచేసినచో దేశమున లంచగొండితనము రూపుమాయునా యని సభ్యులు పలువురు మమ్ము అడుగుచున్నారు. యాప్రాల్ మొదలు షామీర్‌పేట వరకు ఏ రచ్చబండకడ కూర్చున్నను ఈ వాదము వినవచ్చును. ఒక్కొక్కరు తమకు నచ్చిన నాయకునిబట్టి పక్షము వహించుటయే కాని, జరిగినదానిని లెక్కవేసి చూచువారు తక్కువ. కావున ఈ నెల పాఠముగా ఈ విషయమును గైకొంటిమి.

మొదట రద్దు కోరువారి వాదమును న్యాయముగా విందము. లంచముగా వచ్చిన సొమ్మును, పన్ను ఎగవేసి మిగిల్చిన సొమ్మును బ్యాంకులో వేసినచో లెక్క చెప్పవలసివచ్చును. అందుచే అది పెద్ద నోట్ల కట్టలుగా దాగియుండును. ఆ నోట్లు చెల్లవని చాటినయెడల, దొంగసొమ్ము గలవాడు దానిని బయటపెట్టలేక నష్టపోవును. ఈ తలంపుతోనే 2016 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబునాయుడుగారు 500, 1000 రూపాయల నోట్లను రద్దుచేయవలసినదని ప్రధానమంత్రికి జాబు వ్రాసిరి. నవంబరు 8వ తేది రాత్రి ప్రధాని శ్రీ నరేంద్ర మోదీగారు రద్దును ప్రకటించిరి.

ఇక ఎదుటిపక్షమువారి మాట. అక్రమధనము నోట్లరూపమున ఎంతోకాలము నిలువదు. భూమిగను, బంగారముగను, వ్యాపారముగను మారిపోవును. ఇంటిలో ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టుకొనరాదని వారందురు. మన ప్రాంతపు రైతునకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. పట్నము పెరిగి మన మళ్లు ఇండ్లస్థలములైన కాలమున, దస్తావేజులో వ్రాసిన ధర ఒకటియు, చేతులు మారిన ధర వేరొకటియుగా సాగిన బేరములను ఎరుగనివారు అరుదు.

ఈ ప్రయోగము క్రొత్తది కాదు. 1946 జనవరిలో 500, 1000, 10,000 రూపాయల నోట్లను రద్దుచేసిరి. సుమారు 144 కోట్ల రూపాయల నోట్లలో 135 కోట్లవరకు తిరిగివచ్చినవి. 1978 జనవరి 16న 1000, 5000, 10,000 రూపాయల నోట్లను రద్దుచేసిరి. ఆనాడు అట్టి నోటు కంటబడిన రైతు లేడనదగును. కావున పల్లెలకు బాధ కలుగలేదు. 2016లోనన్ననో, రద్దైన నోట్ల విలువ దేశమున చెలామణిలోనున్న నోట్ల విలువలో నూటికి 86 వంతులు. కూలివాని మొలలోనిదియు, ధాన్యమమ్మిన రైతు పెట్టెలోనిదియు ఆ నోటే.

మన పెద్దలు చూచిన మరియొక మార్పు గలదు. నిజాము రాజ్యపు హాలీ సిక్కా 1948 తరువాతను వెంటనే పోలేదు. సుమారు 7 హాలీ రూపాయలకు 6 కల్దారు రూపాయల చొప్పున రెండును కొంతకాలము చెల్లినవి. 1959 నాటికి గాని హాలీ పూర్తిగా రద్దుకాలేదు. నాణెము మార్చుట వేరు, ఒక్కరాత్రిలో చెల్లదనుట వేరు.

ఫలితమేమి? రద్దైన నోట్ల విలువ 15 లక్షల 41 వేల కోట్లు. తిరిగివచ్చినవి 15 లక్షల 31 వేల కోట్లు అని రిజర్వు బ్యాంకువారు 2018లో తెలిపిరి. అనగా నూటికి 99 పైగా మరలివచ్చినవి. వచ్చినదంతయు సక్రమమైన సొమ్మని దీని అర్థము కాదు. ఖాతాలలో చేరుటచే పన్ను అధికారులు దానిని పరీక్షింపవచ్చునని రద్దుపక్షమువారు చెప్పుదురు. ఆ మాట త్రోసివేయరానిది. కాని దొంగసొమ్ము చిత్తుకాగితములగునన్న ఆశ నెరవేరలేదు. 2016 మార్చిలో 16 లక్షల కోట్లకు పైబడియున్న నోట్లు 2023 మార్చి నాటికి 33 లక్షల కోట్లు దాటినవి. 2023 జనవరి 2న సర్వోన్నత న్యాయస్థానమున అయిదుగురిలో నలుగురు న్యాయమూర్తులు రద్దు చెల్లుననిరి. జస్టిస్ నాగరత్నగారు మాత్రము విభేదించిరి.

లంచమో? 2020 ఆగస్టులో మన జిల్లాలోని కీసర తహశీల్దారు, భూవ్యవహారమున 1 కోటి 10 లక్షల రూపాయలు నగదుగా పుచ్చుకొనెనన్న అభియోగముపై అవినీతి నిరోధక శాఖవారిచే పట్టుబడిరి. న్యాయవిచారణ ముగియకమునుపే ఆయన మరణించిరి గనుక తీర్పు చెప్పుట మా పని కాదు. కాని రద్దైన నాలుగేండ్లకును అంత నగదు ఒకచోట పోగుపడగలిగినదన్నది గమనింపదగినది. పని కావలసినవాడు, సంతకము చేయువాడు, ఆలస్యము చేయగల అధికారము ఈ మూడును ఉన్నంతవరకు లంచము ఏ నోటులోనైనను నడచును.

సహకార సభ్యులు మరువరానిది మరియొకటి గలదు. 2016 నవంబరు 14న, రద్దైన నోట్లను పుచ్చుకొనరాదని జిల్లా కేంద్ర సహకార బ్యాంకులను ఆజ్ఞాపించిరి. వానాకాలపు పంట చేతికివచ్చి, యాసంగికి విత్తనములు కొనవలసిన అదను అది. పాత 500 నోటుతో ప్రభుత్వ విత్తన కేంద్రములలో కొనవచ్చునని నవంబరు 21న సెలవిచ్చిరి గాని, మన బ్యాంకుల తలుపు తెరువలేదు. దొంగసొమ్ము ఆ దారిన చొరబడునన్న అనుమానమే కారణమని చెప్పిరి. ఆ అనుమానము అందరియెడల న్యాయము కాదు. అయినను, లెక్కలు సరిగా లేని సంఘములు కొన్ని ఉన్నందుననే అది పుట్టుటకు చోటు కలిగినదని మేము ఒప్పుకొనవలయును.

కావున మన చేతనున్న పనులు చేయుదము. అంగడిలో అమ్మిన సరకుకు తక్‌పట్టీ లేక ఇంటికి రాకుడు. సంఘమునకు కట్టిన ప్రతి రూపాయికి రసీదు అడుగుడు. ఖాతా గుర్తింపు పత్రములను సరిచేసికొనుడు. లంచమడిగినచో 1064 నంబరునకు తెలుపుడు. 2018 సవరణ ప్రకారము లంచమిచ్చువాడును నేరస్థుడే, బలవంతమున ఇచ్చినవాడు ఏడు దినములలో తెలిపినచో రక్షణ గలదు. వచ్చు సర్వసభ్య సమావేశమున సంఘపు చిట్టా ఆవర్జాలను తెప్పించి చదివించుడు. రేపు మరల ఏ నోటు రద్దైనను, మన సంఘమును అనుమానించుటకు ఎవరికిని కారణముండరాదు.