కన్ను కెమెరాలో ఉంటే కాలు కదపొద్దు
సంక్రాంతికి సైకిలు మీద కోనసీమ ఫొటోలకు వెళ్లేవారు చేయవలసినవి, చేయకూడనివి

సంక్రాంతి మూడు రోజులూ కోనసీమలో కెమెరాకు తీరిక ఉండదు. తెల్లారుజామున భోగిమంట, పగలు ఆత్రేయపురంలో పూతరేకు తీసే ఇళ్లు, తోటల్లో కొబ్బరి దింపు, కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. ఊరికీ ఊరికీ మధ్య కాలవ గట్టు. కారులో వెళితే ఇందులో సగం అద్దంలోంచి చూసి వచ్చేస్తాం. అందుకే నేను రాజమండ్రి నుంచి ధవళేశ్వరం ఆనకట్ట దాటి, బొబ్బర్లంక మీదుగా సైకిలు మీదే వెళతాను. ఏళ్ల తరబడి తిరిగినందుకు మంచి ఫొటోలు కొన్ని దక్కాయి. పిక్క మీద కాలిన మచ్చ ఒకటి మిగిలింది. కాలవలో కెమెరా ఒకటి పోయింది. మచ్చకూ కెమెరాకూ కారణం ఒకటే. తియ్యాల్సిన ఫొటో మీదే ధ్యాస పెట్టి, కదలకూడని చోట కదిలాను.

కెమెరాకు కన్ను ఆనించినవాడికి ఎదురుగా ఉన్నది కాస్త కనబడుతుంది. పక్కనున్నది, వెనకున్నది, కాలికిందున్నది కనబడదు. ఫోనైనా అంతే. అందుకని మొదటి నియమం: అడుగు వెయ్యాలంటే ముందు కెమెరా దించండి, చుట్టూ చూడండి, తరవాత కదలండి.

కుండ దగ్గర

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రేకులు తీసేది ఎక్కువగా ఇళ్లలోనే, ఆడవాళ్లే. బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకు మంట, పక్కన జయ బియ్యం పిండి పల్చగా కలిపిన గిన్నె. గుడ్డను పిండిలో ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే రేకు అంటుకుంటుంది, రెండు క్షణాల్లో ఊడి చేతికొస్తుంది. ఆ రెండు క్షణాల కోసమే మనం మంట మీదికి వంగుతాం.

గడప బయటే ఆగి అడగండి. "పిన్నిగారూ, రెండు ఫొటోలు తీసుకుంటానండీ" అన్నాక, "ఎక్కడ కూర్చోమంటారు?" అని కూడా అడగండి. మంట ఎటు ఎగదన్నుతుందో, పొగ ఎటు తిరుగుతుందో ఆవిడకు తెలిసినట్టు మనకు తెలియదు. ఆవిడ చూపించిన చోటే కూర్చుని తీయండి. ఇంకా దగ్గరగా కావాలనిపిస్తే లెన్సు మార్చండి, మీరు జరగకండి. కెమెరా పట్టీని మెడలో వేలాడదీయకుండా చేతికి చుట్టుకోండి. నూలు బట్టలు వేసుకోండి. నైలాను చొక్కాకు నిప్పంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది.

ఫ్లాష్ వెయ్యకండి. ఆవిడ వేళ్లు కాలే కుండను తాకీతాకనట్టు ఆడుతుంటాయి. కళ్లు ఒక్కసారి చెదిరితే చాలు. ఉక్కగా ఉందని ఫ్యాను వెయ్యమనకండి. రేకు ఎగిరిపోతుంది, నిప్పురవ్వలు లేస్తాయి. "మంట కొంచెం పెంచండి", "పొగొచ్చేలా ఇంకో మట్ట వెయ్యండి" అని అసలు అనకండి. ఈ మాట నేనూ ఒకప్పుడు అన్నవాణ్ణే, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. మన ఫొటో కోసం పెంచిన మంట ఉండేది ఆవిడ ఇంటి కప్పు కింద.

నా మచ్చ సంగతి వేరే ఊరిది. ఒక కాజాల కొట్టు వెనక బాణలి మొత్తం ఫ్రేములోకి రావడంలేదని, కన్ను తియ్యకుండా రెండడుగులు వెనక్కి వేశాను. అప్పుడే దించిన పాకం గిన్నె అక్కడుంది. పాకం నీళ్లలా జారిపోదు, అంటుకుని కూర్చుని కాలుస్తుంది. కొట్టులో వంట మాస్టరు నన్ను రెక్క పట్టుకుని లాక్కెళ్లి కుళాయి కింద కూర్చోబెట్టాడు కాబట్టి మచ్చతో పోయింది.

కాలితే ఆయన చేసినట్టే చేయండి. వెంటనే చల్లటి కుళాయి నీళ్లు 20 నిమిషాలు ధారగా పడనివ్వండి. ఉంగరం, వాచీ, బిగుతుగా ఉన్న బట్ట వాపు రాకముందే తీసేయండి. ఐసు పెట్టకండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు పుయ్యకండి. బొబ్బ చిదపకండి. కాలినచోటు అరచెయ్యంత ఉన్నా, ముఖం మీదో చేతిమీదో కీలు మీదో అయినా ఆసుపత్రికి వెళ్లండి. బాణలిలో నూనె అంటుకుంటే నీళ్లు పొయ్యకండి, మంట ఎగజిమ్ముతుంది. గ్యాసు కట్టేసి మూత పెట్టాలి. ఆ పని మాస్టరుకు వదిలి మీరు దారి ఇవ్వండి. ఫొటో తీస్తూ అడ్డం నిలబడకండి.

చెట్టు కింద

కొబ్బరి దింపు ఫొటో అనగానే అందరికీ ఒకే ఆలోచన వస్తుంది: చెట్టు మొదట్లో వెల్లకిలా పడుకుని పైకి తియ్యడం. చెయ్యకండి. ఒలవని కాయ కిలోకు పైనే తూగుతుంది. చెట్టెక్కినవాడు గెల నరికేటప్పుడు కింద ఎవరున్నారో ప్రతిసారీ చూడలేడు. చెట్టు ఎంత ఎత్తుంటే అంత దూరంలో నిలబడి పెద్ద లెన్సుతో తీయండి. నిలబడేముందు మీ నెత్తిమీద కూడా ఒకసారి చూడండి, అదీ కొబ్బరిచెట్టే అయి ఉంటుంది. "ఇటు చూడు బాబూ" అని పైనున్నవాణ్ణి పిలవకండి.

గట్టు మీద

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఫొటోలు తీసేవాళ్లకు సైకిలు గురించి, సైకిలు తొక్కేవాళ్లకు కెమెరా గురించి చెప్పేవాళ్లు తక్కువ.

కెమెరాను హ్యాండిలుకు తగిలించకండి. నేను లొల్ల లాకులు దాటాక చేసిన పని అదే. ఎదురుగా వరిచేలో కొంగల బారు లేచింది. ఒక చేత్తో కెమెరా అందుకోబోయాను, పట్టీ జారి ముందు చక్రం పుల్లల్లో పడింది. చక్రం ఆగింది, నేను ఆగలేదు. గట్టు వాలులో తుమ్మమొద్దు పట్టుకుని నేను నిలిచాను, కెమెరా కాలవలో దిగింది. మెడలో వేసుకున్నా మంచిది కాదు. తొక్కుతుంటే ఊగి మోకాలికి కొట్టుకుంటుంది, బోర్లా పడితే రొమ్ముకూ రోడ్డుకూ మధ్య కెమెరా ఉంటుంది, పక్కటెముకలకు అదే దెబ్బ. పట్టీని అడ్డంగా వేసుకుని కెమెరాను వీపుమీదికి నెట్టి, నడుం చుట్టూ ఇంకో పట్టీతో బిగించండి. లేదా హ్యాండిలు ముందు మూత ఉన్న సంచిలో పెట్టండి. ట్రైపాడ్‌ను వెనక క్యారియరుకు నిలువుగా, చక్రం వెంబడి కట్టండి. అడ్డంగా కడితే పక్కనుంచి వెళ్లే మోటారు సైకిలుకు తగులుతుంది.

తొక్కుతూ ఫొటో తియ్యకండి, ఖాళీ రోడ్డయినా సరే. ఆగాలనుకున్నప్పుడు ముందు వెనక్కి చూడండి, చెయ్యి చాపి సైగ చెయ్యండి, రోడ్డు దిగి, సైకిలుకు స్టాండు వేసి, కాలవ వైపు కాకుండా చేల వైపు నిలబడండి. గుంపుగా వెళుతుంటే హఠాత్తుగా బ్రేకు వెయ్యకండి, మీ వెనకవాడు మీ వీపునే చూస్తున్నాడు. ఆనకట్ట మీద ఆగనే ఆగకండి. గోదావరి ఎంత బాగున్నా అది బస్సులూ లారీలూ తిరిగే దారి.

జనవరి పొద్దున కోనసీమ మంచు ఫొటోకు వరం, సైకిలుకు గండం. వెనక ఎర్రలైటు, ముందు తెల్లలైటు వేసుకోండి, మెరిసే పట్టీల కోటు తొడుక్కోండి, హెల్మెట్టు పెట్టుకోండి. పది గజాల అవతల ఏముందో కనబడకపోతే దిగి నడిపించండి, లేదా టీకొట్టు దగ్గర అరగంట కూర్చోండి. టీకొట్టులో మంచి ముఖాలు దొరుకుతాయి, ఆ అరగంటా వృథా పోదు.

కుక్క వెంటపడితే వేగం పెంచకండి. దిగి, సైకిలును మీకూ దానికీ మధ్య అడ్డం పెట్టుకుని మెల్లగా నడవండి. కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకాకు వెళ్లండి. మిగతా ఫొటోలు ఇంకో ఏడు తీసుకోవచ్చు.

తీర్థంలో

కనుమనాడు పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభలనే ఎత్తైన అలంకరించిన కట్టడాలెక్కి జగ్గన్నతోటకు వస్తారు. 2023 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద దిల్లీ చూసింది ఈ తీర్థాన్నే. ఆ శకటం చక్రాల మీద నెమ్మదిగా సాగింది. ఇక్కడ ప్రభ మనుషుల భుజాల మీద, "అశ్శరభ శరభ" కేకల మధ్య, పచ్చని వరిచేలకు అడ్డంపడి వస్తుంది. గంగలకుర్రు ప్రభలైతే కౌశిక కాలవ నీళ్లలో దిగి మరీ దాటతాయి.

మోసేవాళ్లకు ఎదుటివాడు కనబడడు, కనబడినా ఆగలేరు. కాబట్టి ప్రభకు ఎదురుగా నిలబడకండి, దాని దారిలో వెనక్కి నడుస్తూ తియ్యకండి. ప్రభ ఒరిగితే ఎక్కడిదాకా వస్తుందో అంచనా వేసుకుని అంతకంటే దూరంగా, పక్కన నిలబడండి. చేలల్లో గట్ల మీదే నడవండి. ప్రభ తన చేలోంచి వెళితే రైతు పుణ్యమనుకుంటాడు, మన బూటు పడితే తిడతాడు. న్యాయమే.

కౌశిక ఒడ్డున అంచుకు రావద్దు. తడిసిన మట్టి, వెనకనుంచి జనం తోపు. అంచుకు కనీసం రెండు బారల ఇవతల, వీలైతే చెట్టు దన్నుగా ఉన్నచోట ముందే నిలబడండి. ఈత వచ్చినా మెడలో కెమెరాతో నీళ్లలో దిగకండి.

విద్యుత్ తీగల కింద సెల్ఫీ కర్రగానీ మోనోపాడ్‌గానీ పైకెత్తకండి. ప్రభ కోసం కరెంటు తీశారని ఎవరైనా అన్నా, తీగలో కరెంటు ఉన్నట్టే నడుచుకోండి. బాణసంచా కాల్చేచోట నేలమీద పేలకుండా మిగిలినదాన్ని దగ్గరగా తియ్యబోకండి. డ్రోను బరువు 250 గ్రాములు దాటితే రిజిస్ట్రేషను ఉండాలి. ఎంత చిన్నదైనా జనం నెత్తిన ఎగరేయకండి.

ఒంటరిగా వెళ్లకండి. ఇద్దరుంటే ఒకరు తీస్తుంటే ఒకరు వెనక చూస్తారు. విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి, అంత జనంలో ఫోను పలక్కపోవచ్చు. రాగానే బయటికి వెళ్లే దారులు రెండు చూసి పెట్టుకోండి. ఊపిరాడనంత ఒత్తిడి అనిపిస్తే కెమెరాను పొట్టకు అదిమి, చేతులు రొమ్ముముందు మడిచి, జనంతోపాటే కదులుతూ మెల్లగా ఏటవాలుగా అంచుకు జరగండి. ఎదురీదకండి. లెన్సు మూత పడిపోతే వంగకండి. వంగినవాణ్ణి తొక్కినట్టు తొక్కినవాడికి తెలియదు. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల తొక్కిసలాటలో, రాజమండ్రి పుష్కర ఘాట్‌లో ఒక్క పొద్దుటే పాతికమందికి పైగా ప్రాణాలు పోయాయి.

సంక్రాంతికే కోనసీమలో కోడిపందేల బరులూ వెలుస్తాయి. అక్కడికి కెమెరాతో వెళ్లకండి. పందెం చట్టవిరుద్ధం, డబ్బు చేతులు మారేచోట ఫొటోలు తీసేవాణ్ణి ఎవరూ మంచిగా చూడరు. కత్తి కట్టిన కోడి ఎగిరిందంటే మనిషి తొడా తెగుతుంది.

మనిషి ముందు

ఇది ఎదుటివారి భద్రత. రేవులో బట్టలుతికే, స్నానం చేసే ఆడవాళ్ల వైపు లెన్సు తిప్పకండి. స్త్రీ ఏకాంతంలో ఉన్నప్పుడు చాటుగా ఫొటో తీస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కింద మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. చట్టం లేకపోయినా తియ్యకూడదు. భోగిపళ్లు పోసే పిల్లలైతే తల్లినో తండ్రినో అడగండి. బయట పెట్టేటప్పుడు పిల్లల పేరు, బడి, ఇంటిగుర్తు రాయకండి. పెద్దవాళ్లు చెయ్యి అడ్డం పెడితే నవ్వి కెమెరా దించండి. "తీసేయ్ బాబూ" అంటే వాళ్లముందే చెరిపేయండి. ఒక ఊరి ప్రభ కంటే ఇంకో ఊరిది పెద్దదని మాత్రం ఎక్కడా అనకండి, ఆ తగవులో కెమెరా ఎవరినీ కాపాడలేదు.

ప్రమాదం జరిగితే అంబులెన్సుకు 108, పోలీసు సాయానికి 112. ఈ రెండూ కాగితం మీద రాసి, రక్తం గ్రూపు, ఇంటి నంబరుతో కలిపి జేబులో పెట్టుకోండి, పడినప్పుడు ఫోను కూడా పగలొచ్చు.

గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో. ఘాట్లలో ఎన్ని కెమెరాలుంటాయో ఊహించుకోండి. దయచేసి ఆ లోపల ఒక కనుమకు జగ్గన్నతోట వెళ్లి, జనంలో కెమెరా దించి నడవడం అలవాటు చేసుకోండి.