డ్రాఫ్ట్ నోటుబుక్కులు నేర్పిన పాఠాలు

1986లో డాలస్ వచ్చిన కొత్తలో మా కాపురం ఇర్వింగ్‌లో. కప్పు నడిమధ్యన తెరిచి ఉండే టెక్సస్ స్టేడియం ఆ ఊళ్ళోనే ఉండేది. అక్కడ ఆడేది డాలస్ కౌబాయ్స్. అమెరికా ఫుట్‌బాల్ నాకు అర్థం కావడానికి మూడేళ్ళు పట్టింది. సరిగ్గా అర్థమైన ఏడాదే, 1989లో, జట్టు పదహారు ఆటల్లో ఒక్కటే గెలిచింది. ఆ చలికాలంలో ఒక నోటుబుక్కు తీసుకుని, ఎవరెవరిని తెచ్చుకుంటే బాగుపడతామో రాయడం మొదలుపెట్టాను. 1990 నుంచి 2025 దాకా డ్రాఫ్టుకొకటి చొప్పున ముప్పై ఆరు పుస్తకాలయ్యాయి.

డ్రాఫ్ట్ అంటే తెలియనివారికి రెండు మాటలు. కాలేజీల్లో ఆడి బయటికొచ్చే కుర్రాళ్ళను ఎన్‌ఎఫ్‌ఎల్‌ లీగ్‌లోని 32 జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. ఏడు రౌండ్లు. అందరికన్నా అధ్వానంగా ఆడిన జట్టుకు మొదటి వంతు. ఆ వంతునే పిక్ అంటారు. పిక్‌ను ఆటగాడికి బదులుగా ఇవ్వచ్చు, ఇంకో పిక్‌కు బదులుగా ఇవ్వచ్చు, వచ్చే ఏడాది పిక్‌ను ఈ ఏడాదే అమ్ముకోవచ్చు. అందుకే అభిమానులు నెలల తరబడి ఊహల్లో బేరాలు కుదుర్చుకుంటారు.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందండీ మీ వరస" అంటుంది మా ఆవిడ. కానీ జనవరిలో ఓడిపోయిన జట్టుకు మళ్ళీ సెప్టెంబరు దాకా ఆట ఉండదు. ఆ ఎనిమిది నెలలూ అభిమాని తన జట్టుకోసం చేయగలిగింది ఆలోచించడం ఒక్కటే. ఫ్రిస్కోలో, ప్లేనోలో పుట్టిపెరిగిన మన పిల్లలు ఇప్పుడు నాకంటే చురుగ్గా జాబితాలు కడుతున్నారు. నాకు తెలిసింది వాళ్ళకోసం రాస్తున్నాను.

1. అమ్మేవాడు ఎందుకు అమ్ముతున్నాడో ముందు కనుక్కోండి.

మా నాన్న ఎడ్ల సంతకు వెళ్తూ నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. సంతలో బేరం నోటితో సాగదు. తుండుగుడ్డ కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టి ధర చెప్పుకుంటారు. నాన్న గుడ్డ కింద చెయ్యి పెట్టేముందు పళ్ళు చూసేవాడు, గిట్టలు చూసేవాడు, చివరికి ఒకటే అడిగేవాడు: "ఎందుకు అమ్ముతున్నావయ్యా?" జవాబు నచ్చకపోతే ఎంత మంచి జత అయినా వదిలేసి వచ్చేవాడు.

1989 అక్టోబరు 12న కౌబాయ్స్ తమ ఏకైక మొనగాడు హెర్షల్ వాకర్‌ను మిన్నెసోటా వైకింగ్స్‌కు ఇచ్చేశారు. మర్నాడు మా ఆఫీసులో తిట్టనివాడు లేడు. నేనూ తిట్టాను. బదులుగా వచ్చిన ఐదుగురు ఆటగాళ్ళ పేర్లు చూసి, ఇంతేనా అనుకున్నాం. కానీ కోచ్ జిమ్మీ జాన్సన్ కన్ను ఆ ఆటగాళ్ళ మీద లేదు. ఒక్కో ఆటగాడికీ పిక్‌లు ముడిపెట్టి ఉన్నాయి. అతన్ని గడువులోగా వదిలేస్తే ఆ పిక్‌లు డాలస్‌కు వస్తాయి. అంతా లెక్క తేలేసరికి వచ్చినవి మూడు మొదటి రౌండ్ పిక్‌లు, మూడు రెండో రౌండ్ పిక్‌లు, ఇంకా కింది రౌండ్లవి. వాటిని మరికొన్ని బేరాల్లో తిప్పి తెచ్చుకున్నవాళ్ళలో ఎమిట్ స్మిత్, రసెల్ మేరీలాండ్, డారెన్ వుడ్సన్ ఉన్నారు. ఎమిట్ స్మిత్ చివరికి 18,355 గజాలు పరుగెత్తి లీగ్ చరిత్రలోనే అందరికన్నా పైన నిలిచాడు. 1992, 1993, 1995 సీజన్లలో కౌబాయ్స్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచారు.

మిన్నెసోటా వాళ్ళు అమాయకులని నేననను. ఒక్క మనిషి తక్కువై సూపర్ బౌల్ అందట్లేదని వాళ్ళు నమ్మారు. ఆ ఒక్కడూ దొరికాడన్న సంతోషంలో, ఓడిపోతున్న జట్టు తన మొనగాణ్ణి ఎందుకు వదులుకుంటోందని అడగలేదు.

అప్పటినుంచి నా నోటుబుక్కులో ఎడమ పేజీ మనది, కుడి పేజీ అవతలి జట్టుది. ఎడమవైపు ఒక బేరం, అంటే ట్రేడ్, రాస్తే, దానికి వాళ్ళెందుకు ఒప్పుకుంటారో కుడివైపు రాయాలి. కుడి పేజీలో రాయడానికి ఏమీ దొరక్కపోతే ఆ ట్రేడ్ కొట్టేస్తాను. ఈ ఒక్క నియమంతో నా జాబితాలో ముప్పాతిక భాగం పోయింది.

2. కాకిపిల్ల కాకికి ముద్దు.

మన బెంచీ మీద కూర్చున్న మూడో రిసీవర్ మనకు ముద్దు. అవతలివాళ్ళకు అతను మూడో రిసీవరే. అభిమానులు ఊహించే ట్రేడ్‌లలో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే: మనకు అక్కర్లేని ముగ్గురిని కట్టగట్టి ఇచ్చి, వాళ్ళకు కావలసిన ఒక్కణ్ణి అడగడం.

విలువ కట్టడానికి ఒక కొలబద్ద ఉంది. 1990ల మొదట్లో జట్టు యజమాని జెర్రీ జోన్స్ వ్యాపార భాగస్వామి మైక్ మెకాయ్ కౌబాయ్స్ కోసం ఒక పట్టిక తయారుచేశాడు. మొదటి పిక్ విలువ 3000 పాయింట్లు. అక్కణ్ణుంచి కిందికి తగ్గుతూ పోతుంది. తర్వాత మిగతా జట్లూ దాన్ని వాడాయి, తమకు తగ్గట్టు మార్చుకున్నాయి. 2021లో డాలస్ తన పదో పిక్‌ను ఫిలడెల్ఫియాకు ఇచ్చి, పన్నెండో పిక్‌నూ 84వ పిక్‌నూ తీసుకుంది. పాత పట్టిక ప్రకారం పదో పిక్ 1300, పన్నెండోది 1200, 84వది 170. అంటే 70 పాయింట్లు మిగిలాయి.

ఆ 70 ఎందుకు మిగిలాయన్నదే అసలు సంగతి. ఫిలడెల్ఫియాకు డెవాంటా స్మిత్ కావాలి. పదకొండో వంతు న్యూయార్క్ జెయింట్స్‌ది, అతన్ని వాళ్ళు ఎగరేసుకుపోతారేమోనని భయం. డాలస్ కోరుకున్న ఇద్దరు కార్నర్‌బ్యాక్‌లు, జేసీ హార్న్, ప్యాట్రిక్ సర్టైన్, అప్పటికే ఎనిమిది, తొమ్మిది పిక్‌లలో వెళ్ళిపోయారు. తొందర ఒకరిది, తీరిక ఇంకొకరిది. ధర కట్టింది పట్టిక కాదు, పక్కవాడి భయం. పన్నెండో పిక్‌లో డాలస్‌కు దొరికినవాడు మైకా పార్సన్స్. ఆ రాత్రి నా జాబితాలో సర్టైన్ పేరు ఉంది, పార్సన్స్ పేరు లేదు.

3. జారిపోయినవాడి కోసం మరీ దుఃఖపడకండి.

2016లో డాలస్ క్వార్టర్‌బ్యాక్ కోసం వెతికింది. ప్యాక్స్‌టన్ లించ్ కావాలనుకుంటే, డెన్వర్ పైకి జరిగి 26వ పిక్‌లో పట్టుకుపోయింది. కానర్ కుక్ కోసం ఎదురుచూస్తే రెయిడర్స్ వందో పిక్‌లో తీసుకున్నారు. చివరికి నాలుగో రౌండ్‌లో, 135వ పిక్‌లో, డాక్ ప్రెస్కాట్‌ను ఎంచుకుంది. లించ్ డెన్వర్‌లో మొదలుపెట్టిన ఆటలు నాలుగు. అప్పటి క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో వెన్ను దెబ్బతినడంతో మొదటి ఆట నుంచే బరిలోకి దిగిన ప్రెస్కాట్ ఆ ఏడాది 13 ఆటలు గెలిపించాడు. ఆ రోమోను కూడా 2003లో డ్రాఫ్టులో ఎవరూ తీసుకోలేదు, ఆ తర్వాత విడిగా వచ్చి చేరాడు.

లించ్ పోయిన రాత్రి మా అబ్బాయి ఫోన్‌లో, "నాన్నా, మన పదేళ్ళు పోయాయి" అన్నాడు. వాడితోపాటు నేనూ బాధపడ్డాను.

4. లైన్‌మన్‌ను చూసి నిట్టూర్చకండి.

2014లో మావాడికి జానీ మ్యాంజెల్ కావాలి. టెక్సస్ ఎ అండ్ ఎం కుర్రాడు, మొదటి సంవత్సరం ఆడుతూనే కాలేజీ ఆటగాళ్ళలో ఉత్తముడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచినవాడు. జెర్రీ జోన్స్‌కు కూడా అతనిమీదే మనసుండేది. చుట్టూ ఉన్నవాళ్ళు నచ్చజెప్పి, 16వ పిక్‌లో లైన్‌మన్ జాక్ మార్టిన్‌ను తీయించారు. ఆ పేరు చదవగానే మా ఇంట్లో అందరూ టీవీ ముందునుంచి లేచి అన్నానికి వెళ్ళారు. మార్టిన్ తొమ్మిదిసార్లు ప్రో బౌల్‌కు ఎంపికై, ఇతర జట్ల ముఖం చూడకుండా 2025లో రిటైరయ్యాడు. మ్యాంజెల్ లీగ్‌లో రెండు సీజన్లు ఆడాడు.

బంతి పట్టని మనిషి పని టీవీలో కనపడదు. కనపడాలంటే ఒక ఆటంతా బంతిని చూడటం మానేసి, ఎడమనుంచి మూడోవాణ్ణో నాలుగోవాణ్ణో చూడాలి. ఒక్క ఆదివారం అలా చూడండి. మీ జాబితా మారిపోతుంది.

5. రిసీవర్ కోసం మొదటి రౌండ్ పిక్ ఇవ్వాలంటే పదిసార్లు ఆలోచించండి.

2000లో జోయీ గాలోవే కోసం రెండు మొదటి రౌండ్ పిక్‌లు ఇచ్చారు. మొదటి ఆటలోనే మోకాలు దెబ్బతిని అతని సీజన్ ముగిసింది. 2008లో రాయ్ విలియమ్స్ కోసం మొదటి, మూడో, ఆరో రౌండ్ పిక్‌లు పోయాయి. పెట్టినదానికి తగ్గ ఫలం రాలేదు. అయితే 2018లో అమారీ కూపర్ వచ్చేసరికి 3-4గా ఉన్న జట్టు 10-6తో డివిజన్ గెలిచింది. కాబట్టి ఇది గీత గీసి చెప్పే నియమం కాదు. నా అనుభవం మటుకు మూడింట రెండుసార్లు చేదే.

6. డబ్బు లెక్క వేయని జాబితా జాబితా కాదు.

1994 నుంచి జీతాలకు పరిమితి ఉంది. 2025లో ఒక్కో జట్టుకు 27.92 కోట్ల డాలర్లు. 2024లో కుదిరిన ప్రెస్కాట్ ఒప్పందం సగటున ఏడాదికి 6 కోట్లు. చౌకగా దొరికే కొత్త కుర్రాళ్ళు లేకుండా మిగతా యాభైమందిని ఆ డబ్బులో సర్దలేరు. పిక్‌లకు అంత విలువ అందుకే.

7. ప్రతి పేరు వెనకా ఒక మనిషి ఉన్నాడు.

ఈ పాఠం నాకు అన్నిటికన్నా ఆలస్యంగా తెలిసింది. డ్రాఫ్టుకు ముందు ఇండియానాపొలిస్‌లో కుర్రాళ్ళను నిలబెట్టి ఎత్తు, బరువు, చెయ్యి పొడవు కొలుస్తారు, నలభై గజాలు పరుగెత్తిస్తారు. ఎడ్ల సంత చూసి పెరిగినవాణ్ణి కాబట్టి నాకది చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఆ కొలతలు నేనూ నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. మనిషికి అవి సరిపోవు.

1998లో రాండీ మాస్ పేరు నా జాబితాలోంచి నేనే కొట్టేశాను. అతని నడవడి గురించి విన్న మాటలే కారణం. అతని ఆట నేను ఒక్కటి కూడా పూర్తిగా చూడలేదు. డాలస్ కూడా ఎనిమిదో పిక్‌లో అతన్ని వదిలి గ్రెగ్ ఎల్లిస్‌ను తీసుకుంది. మాస్ 21వ పిక్‌లో మిన్నెసోటాకు వెళ్ళాడు. ఆ ఏడాది థాంక్స్ గివింగ్ రోజున మా ఇంట్లో నాలుగు తెలుగు కుటుంబాలు, పులిహోర, గారెలు. మాస్ మూడే బంతులు పట్టాడు. 163 గజాలు, మూడూ టచ్‌డౌన్లే. మిన్నెసోటా 46-36తో గెలిచింది. ఎల్లిస్‌ను తక్కువచేయను, పదకొండు సీజన్లు డాలస్‌కు ఒళ్ళు దాచుకోకుండా ఆడాడు. నా తప్పు ఎంపికలో లేదు. ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడి మీద విన్నమాటతో తీర్పు చెప్పడంలో ఉంది.

ఇంకొకటి. మన ఊహల్లో ఎప్పుడూ వచ్చేవాళ్ళే ఉంటారు, వెళ్ళేవాళ్ళ గురించి ఒక్క క్షణం ఆగం. 2025 ఆగస్టు 28న పార్సన్స్‌ను గ్రీన్ బేకు ఇచ్చేశారు. రెండు మొదటి రౌండ్ పిక్‌లు, కెనీ క్లార్క్ అనే ఆటగాడు బదులుగా వచ్చారు. పిక్‌ల లెక్కలో నేను అప్పటికే మునిగిపోయి ఉండగా, పార్సన్స్ పదకొండో నంబరు చొక్కా వేసుకున్న మా మనవడు వచ్చి, "తాతయ్యా, ఇంక ఇది వేసుకోకూడదా?" అని అడిగాడు. పెన్ను పక్కన పెట్టేశాను. వేసుకోవచ్చు నాన్నా, అతను మనకోసం నాలుగేళ్ళు ఆడాడు కదా అని చెప్పాను.

ఇప్పుడు రెండు పేజీలకూ అడుగున ఒక గీత గీస్తాను. దాని కింద ఆ ఆటగాడి సంగతి రాస్తాను: ఏ ఊరివాడు, ఈ మార్పు అతనికి మేలా కీడా.

8. తారీఖు వేసి దాచండి, దిద్దకండి.

జట్టు నెగ్గాక, నేను ముందే చెప్పానని అందరూ అంటారు. కాగితం మీద ఉంటేనే నిజం తెలుస్తుంది. 1960ల్లో కౌబాయ్స్ యాజమాన్యం ఆటగాళ్ళను ఎంచడానికి కంప్యూటర్ సాయం కోరినప్పుడు, ఆ పద్ధతి తయారుచేసినవాడు సలాం ఖురేషీ అనే మన దేశస్థుడు, ఐబీఎం అనుబంధ సంస్థలో పనిచేసిన గణాంక నిపుణుడు. అమెరికా ఫుట్‌బాల్‌తో పరిచయం లేని మనిషి. కోచ్‌ల నోటిమాటలను అంకెల్లో పెట్టి, ఏ అంచనా నిలిచిందో ఏది తప్పిందో పోల్చి చూసే వీలు కల్పించాడు. అభిమానికి అంత యంత్రాంగం అక్కర్లేదు, రెండు వందల పేజీల నోటుబుక్కు చాలు. నా ముప్పై ఆరు పుస్తకాల్లో మొదటి రౌండ్ పేరు సరిగ్గా తగిలింది ఐదుసార్లు. తప్పినవన్నీ అలాగే ఉంచాను.

కుర్రాళ్ళకు నా మనవి: మీ ఊహలు ఫోన్‌లో టైపు చేసి మరిచిపోకండి. చేత్తో రాసి, పక్కన కారణం రాసి, అయిదేళ్ళ తర్వాత తీసి మీ పిల్లలకో తమ్ముళ్ళకో చదివి వినిపించండి. మా మనవడు ఈసారి తనే రాస్తానన్నాడు. ముప్పై ఏడో పుస్తకం వాడి దగ్గరే ఉంది.