సైన్స్ ఫిక్షన్ శబ్ద నాటిక: చివరి భాగం రికార్డు చేయడం ఎలా?

ముదిగొండలో ఒక గది, నలుగురు మిత్రులు, రెండు ఫోన్లు. కొన్ని వారాలుగా వినిపిస్తున్న సీరియల్ ముగింపుకొచ్చింది. కథ ఇలా అనుకుందాం: కూతురు చంద్రుడి మీద స్థావరంలో చిక్కుకుంది, అమ్మ ముదిగొండలో ఉంది. ఆఖరి సంభాషణ వాళ్లిద్దరిదీ. దీన్ని మొదటి నుంచి చివరి దాకా కలిసి చేద్దాం.

చెవితో చూపించే కథలు మనకు కొత్త కాదు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ రేడియో కేంద్రం నాటకాలకు పెట్టింది పేరు. సైన్స్ ఫిక్షన్‌కు వస్తే, 1938 అక్టోబరు 30న అమెరికాలో ఆర్సన్ వెల్స్ ప్రసారం చేసిన 'వార్ ఆఫ్ ది వరల్డ్స్' తప్పక వినాల్సింది. అంగారక గ్రహవాసుల దాడిని వర్ణిస్తున్న విలేఖరి గొంతు మాట మధ్యలో తెగిపోతుంది. ఆ తర్వాత ఏమీ వినపడదు. ఏ పేలుడు శబ్దమూ కలిగించని భయం ఆ ఖాళీ కలిగిస్తుంది. మన చివరి భాగానికి కూడా నిశ్శబ్దమే ఆయువుపట్టు.

కావలసినవి

రెండు స్మార్ట్‌ఫోన్లు, ఒక కాలర్ మైకు, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు, మందపాటి దుప్పట్లు నాలుగు, స్టీలు బిందె, గుడ్డసంచిలో పోసి మూతికట్టిన మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్), ఆడాసిటీ వేసుకున్న కంప్యూటర్. ఆడాసిటీ శబ్దాలను కూర్చే ఉచిత సాఫ్ట్‌వేర్. పాత భాగాల ఫైళ్లన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకుందాం.

చేసే పద్ధతి

1. ముందు పాత భాగాలన్నీ వరసగా విందాం. జవాబు దొరకని ప్రశ్నలు నోటుబుక్కులో రాసుకుని, వాటిలో పెద్దవి రెండు మూడు ఎంచుకుందాం. అన్నింటికీ జవాబు చెప్పబోతే చివరి భాగం పరీక్ష పేపరులా తయారవుతుంది. స్థావరం తలుపు శబ్దం, అలారం శబ్దం మొదటి భాగంలో ఎలా ఉన్నాయో అవే ఫైళ్లు పక్కకు తీద్దాం. కొత్తవి చేయొద్దు. శ్రోత ఆ చోటును గుర్తుపట్టేది ఆ శబ్దంతోనే.

2. ఆఖరి సన్నివేశాన్ని అన్నిటికంటే ముందు రాద్దాం. ఇక్కడ తొందరపడొద్దు. చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. రేడియో తరంగం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వెళ్లినా అక్కడికి చేరడానికి 1.3 సెకన్లు పడుతుంది. అంటే అమ్మ ప్రశ్న అడిగాక, కూతురు వెంటనే బదులిచ్చినా, ఆ మాట అమ్మ చెవిన పడడానికి రెండున్నర సెకన్లు ఆగాలి. "తిన్నావా బిడ్డా?" అని అడిగి అమ్మ ఎదురుచూసే ఆ రెండున్నర సెకన్లలోనే మన నాటిక ఉంది. స్క్రిప్టులో ప్రతి ప్రశ్న కింద "విరామం 2.5" అని రాద్దాం. ఓపిక పట్టలేక అమ్మ మళ్లీ మాట్లాడుతుంది, అప్పుడే కూతురి జవాబు వచ్చి రెండు గొంతులూ ఢీకొంటాయి. ఒక్కసారి అలా జరగనిస్తే చాలు, ఆ దూరం శ్రోతకు అర్థమైపోతుంది. అంగారకుడి మీద కథ పెట్టుంటే ఈ సన్నివేశమే కుదరదు. మాట ఒకవైపు చేరడానికే 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది కాబట్టి ఉత్తరాల్లా రాసుకోవాలి.

3. స్టాప్‌వాచ్ పెట్టుకుని, విరామాలతో సహా అందరం గట్టిగా చదువుదాం. కళ్లతో చదివి వేసిన అంచనా ఎప్పుడూ తక్కువే వస్తుంది.

4. గది సిద్ధం చేద్దాం. గోడలకు, తలుపుకు దుప్పట్లు వేలాడదీయాలి. ఫ్యాన్, ఫ్రిజ్ ఆపాలి. ఫోన్లు విమానం మోడ్‌లో పెట్టాలి. మన దగ్గర పగలు ట్రాక్టర్లు, గ్రానైట్ లారీలు, పొలాల్లో మోటార్లు ఉంటాయి. వానాకాలం రాత్రయితే కీచురాళ్లు. వేసవిలో ఫ్యాన్ లేకుండా పగలు కూర్చోలేం, కాబట్టి రాత్రి పొద్దుపోయాక మొదలుపెడదాం. ఎవరూ కదలకుండా ముప్పై సెకన్లు ఖాళీ గదిని కూడా రికార్డు చేద్దాం. అది తర్వాత చాలా పనికొస్తుంది.

5. గొంతులు: మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా ఉండాలి. ఎదురుగా పెడితే "భద్రాచలం" అన్నప్పుడు 'భ' గాలి మైకుకు కొట్టుకుంటుంది. గొంతు బాగా పెరిగినప్పుడు కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. రెండో ఫోన్‌లోనూ రికార్డు చేస్తూ, మొదట్లో ఒక చప్పట కొడదాం. రెండు ఫైళ్లనూ ఆ చప్పట దగ్గర కలుపుకోవచ్చు.

6. శబ్దాలు: చంద్రుడి మీద గాలి లేదు, బయటి శబ్దం వినపడదు. సూటు లోపల ఊపిరి, బూట్ల గుండా ఒంటికి తగిలే అదురు మాత్రమే కూతురికి తెలుస్తాయి. పిండి సంచిని పిడికిలితో నొక్కితే అడుగుల చప్పుడు వస్తుంది. ఆడాసిటీలో లో పాస్ ఫిల్టర్‌తో 500 హెర్ట్జ్ పైది తగ్గిస్తే అది సూటు లోపల విన్నట్టుంటుంది. ఊపిరికి బిందె మూతి దగ్గర నోరు పెట్టి మెల్లగా వదలాలి.

7. కూర్పు: అమ్మకు వినపడే కూతురి గొంతుకు 300 హెర్ట్జ్ దగ్గర హై పాస్, 3,400 దగ్గర లో పాస్ వేద్దాం. ఫోన్లో మాట్లాడినట్టు సన్నబడుతుంది. విరామాల్లో ఇందాక తీసిన ఖాళీ గది శబ్దాన్ని పరుద్దాం. ఫైలులో అసలేమీ లేకపోతే, ఫోన్ ఆగిపోయిందేమోనని శ్రోత తెర చూసుకుంటాడు.

మామూలుగా జరిగే పొరపాట్లు

చివరి భాగం కదా అని అడుగడుగునా సంగీతం నింపడం మొదటిది. ఆఖరి సంభాషణ కింద సంగీతం వద్దే వద్దు.

ఇన్నాళ్లూ లేని యంత్రాన్ని చివర్లో తెచ్చి కూతురిని కాపాడించడం ఇంకొకటి. ఆమెను కాపాడేది ఏదైనా సరే, మొదటి సగంలోనే శ్రోత చెవిన పడి ఉండాలి. లేదంటే ఇన్ని వారాలు విన్నవాళ్లకు అన్యాయం చేసినట్టే.

అన్నిటికన్నా ప్రమాదం ఆడాసిటీలోని ట్రంకేట్ సైలెన్స్. ఖాళీలన్నీ కుదించి నిడివి తగ్గించే ఆదేశమది. ఇంటర్వ్యూలకు మంచిదే, కానీ ఇక్కడ మొత్తం ట్రాక్ మీద నొక్కితే మన రెండున్నర సెకన్లు మాయమై, చంద్రుడు పక్కింట్లో ఉన్నట్టవుతుంది. మిగతా సన్నివేశాలకు వాడాలనుకుంటే ముందు ఆఖరి సంభాషణను వేరే ఫైలుగా దాచి, అన్నీ అయ్యాక చివర అతికిద్దాం.