బిడ్డకు మేలు జరిగిందని ఎలా తెలుస్తుంది?



మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనం 1998 నవంబరులో ప్రారంభమైంది. ఆనాడు ఆ చుట్టుపక్కల ఎక్కువగా కనిపించినవి బండరాళ్లూ పొదలే. నేడు అక్కడినుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల వరకు అద్దాల మేడలే. ఆ మేడలలో ఉద్యోగాలు చేసే దంపతులు మన విచారణలలో ఉన్నారు. ఆ మేడలు కట్టడానికి పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చిన కూలీల బిడ్డలు కూడా మన గుడి గంట వినబడేంత దూరంలోనే ఉన్నారు. ఇద్దరి ఇళ్లలోనూ ఒకటే బెంగ: బిడ్డ చదువు బాగుపడాలంటే ఏం చేయాలి?

ఒక ఇంట్లో ట్యాబ్ కొని, ఆన్‌లైన్ కోర్సుకు ఏడాది ఫీజు ఒకేసారి కడతారు. మరొక ఇంట్లో అప్పు చేసి ఇంగ్లీషు మీడియం బడికి పంపుతారు. విచారణ సంఘంవారు సాయంత్రం ట్యూషన్ పెడతారు. కంపెనీవారు కంప్యూటర్లు ఇస్తారు. అందరి ఉద్దేశమూ మంచిదే, సందేహం లేదు. కాని చేసిన పని వల్ల బిడ్డకు నిజంగా మేలు జరిగిందో లేదో మనలో ఎంతమందిమి చూసుకుంటున్నాం? ఈ వారం మనం నేర్చుకోవలసిన పాఠం ఇదే.

ముందుగా నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల క్రితం కూలీల పిల్లలకు సాయంత్రం ట్యూషన్ నడిపే ఒక కమిటీలో నేనూ సభ్యుణ్ణి. ఒక దాత కంప్యూటర్లు ఇచ్చారు. జూన్‌లో పిల్లలకు చిన్న పరీక్ష పెట్టాం, మార్చిలో మళ్లీ పెట్టాం. మార్కులు బాగా పెరిగాయి. ఎన్ని కంప్యూటర్లు, ఎంతమంది పిల్లలు, ఎన్ని గంటలు అన్నీ ఫోటోలతో సహా నివేదికలో రాశాం. వార్షిక సమావేశంలో చప్పట్లు కొడుతుండగా, ఎన్నో ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన ఒక సిస్టర్ గారు లేచి, "ఈ పిల్లలు ఈ పది నెలలూ బడికి కూడా వెళ్లారు కదయ్యా! మన దగ్గరకు రాని పిల్లలకు ఎంత పెరిగాయో చూశారా?" అని అడిగారు. ఎవరం చూడలేదు. ఆ మరుసటి ఆదివారం అదే వాడలో ట్యూషన్‌కు రాని పిల్లలను కూర్చోబెట్టి అదే ప్రశ్నపత్రం ఇచ్చాం. వాళ్ల బడి పంతుళ్ల దగ్గరున్న పాత మార్కులతో పోల్చి చూశాం. వాళ్లకూ దాదాపు అంతే పెరిగాయి!

అంటే మేము మా గొప్ప అనుకున్నదంతా చాలావరకు బడిది, వయసుది. పది నెలల్లో పిల్లవాడు పొడుగెదిగినట్టే తెలివిలోనూ ఎదుగుతాడు. ఆ ఎదుగుదలను మన ఖాతాలో రాసుకున్నాం.

కాబట్టి "ముందు ఎంత, తరువాత ఎంత" అని చూస్తే సరిపోదు. ఆ సాయం అందకపోతే ఇదే బిడ్డ ఎలా ఉండేవాడో తెలియాలి. ఒకే బిడ్డకు ఒకేసారి సాయం అందించడం, అందించకపోవడం సాధ్యం కాదు కనుక అలాంటి మరో బిడ్డతో పోల్చాలి. ఇక్కడ ఇంకో చిక్కుంది. ట్యూషన్‌కు తనంతట తాను వచ్చే పిల్లవాడి వెనుక శ్రద్ధగల తల్లి ఉంటుంది. రానివాడు చెల్లెలిని ఎత్తుకుని ఇంట్లో ఉంటాడు. వీళ్లిద్దరినీ పోల్చితే తెలిసేది ట్యూషన్ గొప్ప కాదు, ఇంటి తేడా. ఈ చిక్కుకు పండితులు కనుగొన్న విరుగుడు చాలా పాతది: చీట్లు వేయడం. యూదా స్థానంలో మత్తీయను ఎన్నుకున్నప్పుడు అపొస్తలులు చేసింది అదే కదా. చీటీకి ఎవరు ధనవంతులో, ఎవరు తెలివైనవారో తెలియదు. వందమందిని చీట్లతో రెండు వరుసలు చేస్తే, రెండింటిలోనూ శ్రద్ధగల తల్లులు, తీరికలేని తల్లులు ఇంచుమించు సమానంగా ఉంటారు. ఏడాది తరువాత తేడా కనిపిస్తే అది సాయం వల్ల వచ్చిన తేడా అని నమ్మవచ్చు. పేదరికంపై పనిలో ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చినందుకే 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇదేదో విదేశాల ముచ్చట అనుకోకండి. ఇంత పెద్ద ఎత్తున జరిగిన పరీక్షలలో ఒకటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే, 2005లో మొదలైంది. రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు, అప్పటి విప్రో అధిపతి స్థాపించిన అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ కలిసి దీనిని చేపట్టాయి. పరిశోధకులు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్. కోస్తా, రాయలసీమ, తెలంగాణలకు చెందిన 5 జిల్లాలలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను చీట్ల పద్ధతిన వందేసి చొప్పున విడదీశారు. కొన్నిటికి ఒక రకం సాయం, కొన్నిటికి మరో రకం, ఒక వందకు ఏమీ లేదు. ఫలితాలు చాలామంది ఊహలను తలకిందులు చేశాయి.

వాటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఒకటుంది. వంద బడుల్లో పిల్లలకు ఏడాది మొదట్లో పరీక్ష పెట్టి, ఏ పిల్లవాడు ఎక్కడ తప్పుతున్నాడో వివరంగా రాసి ఉపాధ్యాయులకు ఇచ్చారు. దాన్ని ఎలా వాడుకోవాలో చెప్పారు. అప్పుడప్పుడు మనుషులు వెళ్లి తరగతులు చూసి వచ్చారు. చూడబోయినప్పుడు ఆ బడుల ఉపాధ్యాయులు మిగతావారికంటే చురుగ్గా పాఠం చెబుతూ కనిపించారు. ఇక్కడితో ఆగి ఉంటే కార్యక్రమం దిగ్విజయమని రాసేవారు. కాని ఏడాది చివర పిల్లలకు బయటివారు పరీక్ష పెడితే, ఏ సాయమూ అందని బడుల పిల్లలకూ వీళ్లకూ తేడా లేదు! చూసేవారు ఉన్నప్పుడు చేసిన శ్రమ, వాళ్లు వెళ్లాక నిలవలేదన్నమాట. బిషప్ గారు వస్తున్నారంటే గుడికి సున్నం వేయడం మనకు తెలియని సంగతి కాదు.

మరికొన్ని బడుల్లో, పిల్లల మార్కులు పెరిగినదాన్ని బట్టి ఉపాధ్యాయులకు బోనస్ ఇచ్చారు. అది సగటున ఏడాది జీతంలో 3 శాతం మాత్రమే. రెండేళ్లలో ఆ పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ స్పష్టంగా ముందుకు వచ్చారు. ఎంత అంటే, వందమందిని మార్కుల వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న బిడ్డ లెక్కల్లో సుమారు 60వ మెట్టుకు, భాషలో 56, 57వ మెట్టుకు ఎక్కాడు. విశేషమేమిటంటే, ఈ ఉపాధ్యాయుల హాజరు ఏమీ పెరగలేదు. బడి వేళల తరువాత కూర్చోబెట్టి చెప్పామని, ఇంటిపని ఎక్కువ ఇచ్చామని, మాదిరి పరీక్షలు పెట్టామని వారు చెప్పారు. తనిఖీకి వెళ్లిన కంటికి కనబడనిది పిల్లల పరీక్షలో కనబడింది. అదనంగా ఒక కాంట్రాక్టు టీచరును ఇచ్చిన బడులలో కూడా పిల్లలు మెరుగుపడ్డారు.

బడులకు నేరుగా డబ్బు ఇచ్చిన కథ వేరు. ఆ డబ్బులో ఎక్కువ భాగం నోటు పుస్తకాలు, పలకలు, అభ్యాస పుస్తకాలకే పోయింది, దుర్వినియోగం కాలేదు. మొదటి ఏడు పిల్లలు మెరుగుపడ్డారు. రెండో ఏడు ఆ మేలు కనబడలేదు. కారణం వెదికితే ఇళ్లలో దొరికింది. ఈసారి బడివారే ఇస్తారని ముందే తెలిసి, తల్లిదండ్రులు తాము కొనే పుస్తకాల ఖర్చు తగ్గించుకున్నారు. పేదవాడు చేసిన ఆ లెక్కలో తప్పేమీ లేదు. ఆ డబ్బు ఇంట్లో బియ్యానికో మందులకో పనికి వచ్చి ఉంటుంది. కాని "మేము ఇన్ని నోటు పుస్తకాలు పంచాం" అన్న నివేదికలో ఈ సంగతి ఎప్పటికీ రాదు.

ఇక మన ఇళ్లకు సూటిగా తగిలేది మరొకటి ఉంది. 2008లో ఇదే ఉమ్మడి రాష్ట్రంలో 180 గ్రామాలలో, ప్రభుత్వ బడి పిల్లలు ప్రైవేటు బడికి వెళ్లేందుకు స్కాలర్‌షిప్ అంటే చాలామంది దరఖాస్తు చేశారు. చీట్లు తీశారు. చీటీ వచ్చినవారు ప్రైవేటు బడికి, రానివారు చాలావరకు పాత బడిలోనే. రెండేళ్లకు ఒకసారి, నాలుగేళ్లకు ఒకసారి ఇద్దరికీ పరీక్ష పెట్టారు. తెలుగులో తేడా లేదు. లెక్కల్లో తేడా లేదు. ఇంగ్లీషులోనూ, సైన్సు, సాంఘికంలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు బడి పిల్లలు ముందున్నారు, ఎందుకంటే అక్కడ హిందీ చెబుతారు. మరి బయటినుంచి చూస్తే ప్రైవేటు బడి పిల్లలకు మార్కులు ఎక్కువ కనబడతాయి కదా? అది చాలామటుకు ఇంటి బలమే అని ఈ చీట్లు తేల్చాయి.

దీన్ని బట్టి ప్రైవేటు బడులు పనికిరావని నేను అనడం లేదు. పరిశోధకులూ అనలేదు. ఆ బడులు ఒక్కో పిల్లవాడిపై చేసిన ఖర్చు ప్రభుత్వ బడుల ఖర్చులో మూడో వంతు కంటే తక్కువ. తెలుగుకు, లెక్కలకు తక్కువ సమయమే ఇచ్చి అంతే ఫలితం చూపించాయి. ఇవి పల్లెటూళ్ల చిన్న బడులు. నగరంలోని పెద్ద కాన్వెంటుకు ఇదే వర్తిస్తుందని చెప్పలేము. అయినా, ఫీజు ఎక్కువ కనుక చదువు ఎక్కువ అన్న నమ్మకంతో నగలు కుదువపెట్టే ముందు, ఆ తల్లి ఒక్కసారి ఆగి ఆలోచించడానికి ఇది చాలదా?

కంప్యూటర్ల మాటకు వద్దాం. పెరూ దేశంలో పల్లెబడుల పిల్లలకు తలా ఒక లాప్‌టాప్ ఇచ్చారు. 300కు పైగా బడులలో చీట్ల పద్ధతిన చూస్తే, సుమారు 15 నెలల తరువాత లెక్కల్లో గాని భాషలో గాని మెరుగు కనబడలేదని 2012లో తేలింది. మరి మన దేశంలోనే వడోదరలో, 2002 నుంచి 2004 వరకు నాలుగో తరగతి పిల్లలు వారానికి రెండు గంటలు, ఇద్దరికొక కంప్యూటరు చొప్పున, తమ స్థాయికి తగిన లెక్కల ఆటలు ఆడితే లెక్కల్లో బాగా పెరిగారు. కంప్యూటరు రెండు చోట్లా ఉంది. ఒకచోట అది చేతికిచ్చిన వస్తువు. రెండోచోట, పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో అక్కడినుంచి నడిపించే పాఠం.

"ఇలా చీట్లు వేసి కొందరు పిల్లలకు ఇవ్వకపోవడం అన్యాయం కాదా ఫాదర్?" అని ఒక తల్లి మా విచారణ గురువులను అడిగిందట. న్యాయమైన ప్రశ్నే. మేలు చేస్తుందని ఇప్పటికే తెలిసినదాన్ని, అందరికీ ఇవ్వగలిగి కూడా ఆపితే నిశ్చయంగా అన్యాయమే. ఆకలితో ఉన్న బిడ్డకు అన్నం పెట్టడానికి చీట్లు అక్కరలేదు. కాని సీట్లు ముప్పై, పేర్లు అరవై ఉన్నప్పుడు ఎలాగూ సగంమందికి లేదనే చెప్పాలి. కమిటీ పెద్దలకు తెలిసినవారి పిల్లలకు ఇవ్వడం కంటే చీటీ న్యాయం. పరీక్షకు అందని సంగతులూ ఉన్నాయి. సాయంత్రం తాగుబోతు తండ్రికి దూరంగా రెండు గంటలు నిర్భయంగా కూర్చోవడం ఒక బిడ్డకు ఎంత విలువో ఏ ప్రశ్నపత్రమూ చెప్పదు. ట్యూషన్ అందుకోసమే అయితే ఆ మాటే చెప్పాలి గాని, లెక్కలు నేర్పుతున్నామని రాయకూడదు.

మన కారిడార్‌లోని కంపెనీలకు ఇప్పుడు చట్టమూ ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం, ఒక స్థాయి దాటిన కంపెనీలు తమ మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సేవా కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. ఇది 2014 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. 2021 జనవరిలో నిబంధనలు సవరించి, ఇలా ఏటా సగటున 10 కోట్ల రూపాయలు లేదా అంతకు మించి ఖర్చు చేయవలసిన కంపెనీలు, కోటి రూపాయలకు తక్కువకాని ప్రతి ప్రాజెక్టు ఫలితాన్నీ బయటి సంస్థతో మదింపు చేయించాలన్నారు. అంతకు చిన్న కానుకల సంగతి, అంటే మన విచారణకు వచ్చే పాతిక కంప్యూటర్ల సంగతి, ఎవరూ అడగరు. ఈ కంపెనీలలో పనిచేసే మన యువతీయువకులు ఆ కమిటీలలో ఉంటే, "ఎన్ని ఇచ్చాం" అన్న ప్రశ్న పక్కన "తీసుకోని పిల్లలతో పోలిస్తే ఎంత తేడా" అన్న ప్రశ్న కూడా వేయవచ్చు.

ఇంట్లో కూడా చేయదగినది ఒకటుంది. ట్యాబ్‌లోని కోర్సు ఎన్ని నక్షత్రాలు చూపించిందో పక్కన పెట్టండి. నెలకోసారి మీ బిడ్డ చేతికి ఎప్పుడూ చూడని ఒక పేజీ ఇచ్చి బిగ్గరగా చదివించండి, నాలుగు భాగహారాలు కాగితంమీద చేయించండి, తేదీ వేసి దాచండి. పరీక్ష పెట్టేది, పాఠం అమ్మేది ఒకరే కాకూడదు.

మా కమిటీ సంగతి చెప్పి ముగిస్తాను. సిస్టర్ గారు అడిగిన ఆ ఏడాది తరువాత మేము తరగతిని బట్టి కాక, చదవగలిగినదాన్ని బట్టి పిల్లలను కూర్చోబెట్టాలని అనుకున్నాం. ఐదో తరగతివాడైనా అక్షరాలు రాకపోతే అక్షరాల దగ్గరే. సీట్లకంటే పేర్లు రెట్టింపు వచ్చాయి. తల్లులందరి ఎదుట ఒక చిన్నపాప చేత చీట్లు తీయించాం. పేరు రానివారికి మొదటి ఐదు నెలలు పరీక్ష మాత్రమే, తరువాతి ఐదు నెలలు ట్యూషన్ అని ముందే చెప్పాం. దాత ఇచ్చిన కంప్యూటర్లను ఈసారి రెండు వరుసలకూ దూరంగానే ఉంచాం. ఐదు నెలల తరువాత కాగితాలు దిద్దింది సిస్టర్ గారే, పేర్లు మడిచిపెట్టి, ఏది ఏ వరుసదో తెలియకుండా. చదవడంలో మొదటి వరుస స్పష్టంగా ముందుంది. లెక్కల్లో తేడా ఏమీ లేదు. నివేదికలో రెండూ రాశాం. లెక్కలకు ఏం చేయాలన్నది ఇంకా మాట్లాడుకుంటున్నాం.