వార్డు నుంచి మార్కెటింగ్‌కు

ప్రశ్న: మాది బాన్సువాడ. పదేళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. నిజామాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రి మార్కెటింగ్ హెడ్‌గా రమ్మంటోంది. నా కింద ముగ్గురు పీఆర్వోలు ఉంటారు. మార్కెటింగ్ నాకేం తెలుసని భయంగా ఉంది. వెళ్లనా?

జవాబు: వెళ్లండమ్మా. అయితే చేరేముందే ఒక మాట అడగండి: పేషెంట్లను పంపే ఆర్‌ఎంపీలకు కమీషన్ ఇస్తారా? ఇస్తామంటే మొహమాటపడకుండా వద్దనండి. ఆ డబ్బు చివరికి పేషెంట్ బిల్లులోనే కలుస్తుంది. డాక్టర్లు ఇలాంటి కమీషన్లు ఇవ్వడాన్నీ తీసుకోవడాన్నీ 2002 నాటి వైద్య వృత్తి నియమావళి నిషేధించింది.

కమీషన్లు లేకుండా మంచిపేరు ఎలా వస్తుందో మీ ఊళ్లోనే చూడొచ్చు. బాన్సువాడ మాతాశిశు ఆసుపత్రికి 2022లో తల్లిపాల ప్రోత్సాహానికి గుర్తింపు దక్కింది. బాలింత మంచం పక్కన కూర్చుని, బిడ్డకు రొమ్ము పట్టించడం ఓపికగా నేర్పే పని అది. అది మీకు కొత్త కాదు.

ఆసుపత్రిలో పెద్ద బాధ్యతకు ఆ చదువే ఉండాలని లేదు. 2017లో పరిశ్రమల సమాఖ్య సీఐఐకి తొలి మహిళా అధ్యక్షురాలైన అపోలో ఆసుపత్రుల శోభనా కామినేని కూడా డాక్టర్ కాదు. ఆమెకు కుటుంబం అండ ఉంది, నిజమే. మీకు పదేళ్ల వార్డు అనుభవం ఉంది.

మొదటి నెల ఆఫీసులో కూర్చోకండి. పీఆర్వోలతో కలిసి వర్ని, బిచ్కుంద వైపు తిరగండి. డిశ్చార్జి అయినవాళ్లకు మీరే ఫోన్ చేసి, బిల్లు అర్థమైందా అని అడగండి. జీతం, తిరుగుడు ఖర్చులు మాత్రం ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి.